గారపండ్ల వరస

మొన్న టౌన్లో అద్దాల తలుపులుండే ఒక పెద్ద అంగడికి పోయినాను. సబ్బులు దాటినాక ఒక గోడ పొడుగునా పేస్టులే. ఉప్పు పేస్టు, లవంగం పేస్టు, బొగ్గు పేస్టు. నా చిన్నప్పుడు ఉప్పూ బొగ్గూ పొయ్యి పక్కనే ఊరికే దొరికేవి. ఇప్పుడు వాటికే పై అరలో చోటు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకామె దగ్గరికొచ్చింది. ఏదో అడుగుదామని నేను నోరు తెరవగానే నా పండ్లు చూసింది. చూసి, పై అరలోనుంచి బంగారు రంగు పెట్టె ఒకటి తీసింది.

"మేడమ్, మీరు ఇది వాడండి. ఏడు రోజుల్లో తెల్లగయిపోతాయి."

"కావమ్మా" అన్నాను.

"గ్యారంటీ మేడమ్."

"ఇన్నేండ్లలో కానివి ఏడు దినాల్లో యాడ అయితాయి? దాంట్లో ఫ్లోరైడ్ ఉండాదేమో చూసి చెప్పు."

ఆమె పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ మాట యాడా లేదు. నేను వంగి, కింద అరలో ఎవరూ చూడని చోట ఉండే చిన్న ట్యూబు తీసుకున్నాను. దాని వెనక ఆ మాట ఉండాది. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. కోపం పడాల్సిన వయసులో, పడాల్సిన చోట, బాగానే పడినాను. ఆ సంగతే చెప్తాను.

మా ఊరు గుత్తికి అవతల, ఎర్రనేలల్లో ఉండాది. ఏ దిక్కు చూసినా శెనక్కాయ చేన్లు, రాతిగుండ్లు, మళ్ళీ శెనక్కాయ చేన్లు. మా నాయన పుట్టినప్పుడు ఊరికంతా ఒక దిగుడుబాయి ఉండేదంట. అది ఎండినాక బోరు వేసినారు. అదీ ఎండితే ఇంకా లోతుకు ఇంకొకటి. నాకు తెలివి వచ్చేటప్పటికి ఊరి నడుమ చేతిపంపు, దాని చుట్టూ బిందెల వరస. ఆ నీళ్ళకు ఇనుము వాసన, కొంచెం ఉప్పదనం. అవే మాకు కమ్మగా ఉండేవి. వేరే నీళ్ళు తాగితే కదా తేడా తెలిసేది.

నా ఈడు పిల్లోళ్ళందరికీ పండ్ల మీద గార ఉండేది. కొందరికి పసుపు చారలు, కొందరికి నాలాగా ముందరి పండ్ల మీద అడ్డంగా గోధుమ రంగు పట్టీలు. ఇంట్లో అవ్వకు మాత్రం, అంటే మా నాయనను కన్న తల్లికి, కొబ్బరి ముక్కల్లాంటి తెల్లటి పండ్లు. మాకు అదొక వింత. ముసలామెకు తెల్లగా, పిల్లోళ్ళకు గారగా.

"మా కాలంలో ఇన్ని వేషాలు యాడివే?" అనేది అవ్వ. "కానుగపుల్ల నమిలితిమి, పుక్కిలిస్తిమి, సంగటి తింటిమి. మీరు సోమరిపోతులు. సరిగ్గా రుద్దరు."

మేము రుద్దినట్లు ఎవరూ రుద్ది ఉండరు. నేనూ, పక్కింట్లో ఉండే నా జతగత్తె, ఇద్దరం కలిసి ఆ గార మీద చెయ్యని పని లేదు. ఇటుకను రాతిమీద నూరి ఆ పొడితో రుద్దినాము. పిడకల బూడిదతో రుద్దినాము. ఎవరో చెప్పినారని నిమ్మకాయ రసంలో ఉప్పు కలిపి రుద్దితే చిగుర్లు మండి, ఇద్దరం నాలుకలు బయటపెట్టుకుని చేతిపంపు దాకా పరిగెత్తినాము. నెత్తురు వచ్చేది గానీ గార కదిలేది కాదు.

ఒకదినం మా అమ్మ నల్లపొడి దొంగిలించినాము. అమ్మ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక చిన్న రేకు డబ్బాలోని నల్లటి పండ్లపొడిని చూపుడువేలికి అద్దుకుని చిగుర్లకు రాసుకునేది. అది రాసుకుంటేగానీ ఆమెకు చేనికి పోవడానికి కాళ్ళు కదిలేవి కావు. అంత ఇష్టంగా రాసుకుంటాండాదంటే అది గొప్ప మందే అయ్యుండాలని మా లెక్క. గడ్డివాము వెనక కూర్చుని చెరొక వేలినిండా పెట్టి రుద్దినాము. ఘాటు ముక్కుకెక్కింది. ఇంకాసేపటికి గడ్డివాము తిరగడం మొదలుపెట్టింది. నేను వాంతి చేసుకున్నాను, నా జతగత్తె నేలమీద పడుకుని "నేను చచ్చిపోతాండా, మా అమ్మకు చెప్పు" అని ఏడ్చింది. అవ్వ వచ్చి, మా నోర్లు చూసి, పడీ పడీ నవ్వి, ఇద్దరికీ మజ్జిగ తాపించింది.

"పొగాకు ముండమోసింది దాంట్లో ఉండాది. మీ అమ్మే వద్దంటే వినదు, మీకెందుకే?"

అమ్మ ఆ సాయంత్రం నన్ను కొట్టలేదు. డబ్బాను తీసి పై గూట్లో పెట్టింది, అంతే. మరుసటి దినం కాలి వేళ్ళ మీద నిలబడి అందుకుని మళ్ళీ రాసుకుంది.

ఆ ఏడు వానలు పోయినాయి. విత్తిన శెనక్కాయ జానెడు కూడా లేయలేదు. నాయన ఊర్లో మగోళ్ళతో కలిసి బెంగళూరుకు కట్టడం పనికి పోయినాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, నేను, ఆరేండ్ల తమ్ముడు. అదే ఏడు మా బడికి కొత్త సారు వచ్చినాడు. ఎక్కడో దూరం జిల్లా ఆయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి వచ్చినా చెమట కనపడనీయకుండా ఉండేవాడు. పాఠం బాగా చెప్పేవాడు. ఆ మాట ముందే చెప్పాల.

సోమవారం ప్రార్థన అయినాక ఆయన గోళ్ళు చూసినాడు, తలలు చూసినాడు, తర్వాత నోర్లు తెరవమన్నాడు.

"ఏమిటిది? మీరెవరూ పళ్ళు తోముకోరా?"

"తోముకుంటాం సార్" అన్నాము.

"అబద్ధాలు చెప్పకండి. కనబడుతూనే ఉందిగా."

ఆ పొద్దు నుంచి బడిలో రెండు వరసలు. శుభ్రమైనోళ్ళ వరస ఒకటి, గారపండ్లోళ్ళ వరస ఒకటి. మొదటి దాంట్లో నలుగురో అయిదుగురో ఉండేవాళ్ళు. కరెంటాఫీసు సారు కూతురు అందులో ఉండేది. వాళ్ళు ఆ ఏడే బదిలీ మీద మా ఊరికి వచ్చినారు. మిగతా బడంతా మా వరసే. ఇంటికి పోయి ఎంత రుద్దినా మళ్ళీ సోమవారం అదే వరస. అప్పటినుంచి నేను మాట్లాడేటప్పుడు పైపెదవి కిందికి లాక్కోవడం నేర్చుకున్నాను. 

కరువు చూడ్డానికి జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తాండాడని తెలిసింది. బడిలోనే సభ. సారు తానే స్వాగతం పాట రాసి వరస కట్టినాడు. ఎండిన చేన్లు చూడ్డానికి వచ్చేటాయనకు పూలూ, పచ్చదనమూ అని పాట. ఎవరు పాడతారని ఒక్కొక్కరి చేతా పాడించినాడు. చిన్నప్పటినుంచీ అమ్మతో కలుపుతీతకు పోయి, అక్కడ ఆడోళ్ళ పాటలకు గొంతు కలిపినదాన్ని నేను. నా గొంతు విని సారు కండ్లు మూసుకున్నాడు. "నువ్వే" అన్నాడు. ఆ రాత్రి అవ్వకు మూడుసార్లు పాడి వినిపించినాను.

రెండు దినాలకు సారు నన్ను పక్కకు పిలిచినాడు.

"చూడమ్మా, నువ్వు వెనక నిలబడి పాడు. ముందు ఆ అమ్మాయి నిలబడి పెదాలు కదిలిస్తుంది. పెద్దాయన ముందు బాగుండదు కదా."

ఆ అమ్మాయంటే కరెంటాఫీసు సారు కూతురు. ఏం బాగుండదో నాకు తెలుసు, పైపెదవి కిందికి లాక్కున్నాను. 

ఇంటికొచ్చి సంగటి ముట్టలేదు. అమ్మ ఊరుబిండి పచ్చడి రోట్లో దంచుతాండాది, శెనక్కాయలు వేగిన వాసన ఇల్లంతా. నేను గోడకు ఆనుకుని అరిచినాను.

"నాకు పేస్టు కావల్ల. టీవీలో వచ్చే పేస్టు. నురగ వచ్చేది."

"ఏమాయె మే?" అంది అమ్మ.

చెప్పినాను. అమ్మ రోకలి ఆపింది. లేచి, గూట్లో ఉండే దుడ్ల ముల్లె తీసి లెక్కపెట్టింది.

ఆ వారం సంతలో, గాజుల అంగడి పక్కన గోనెపట్ట పరిచి ఒకాయన పేస్టులు కుప్ప పోసి అమ్ముతాండినాడు. పెట్టెలు లేవు, ఉత్త ట్యూబులు. మీద ఏదో పేరు, సగం అక్షరాలు చెరిగిపోయి ఉండాయి. "కంపెనీ మాల్ తల్లీ! కడిగితే పాలతెలుపు!" అని అరుస్తాండాడు. అమ్మ తనకు కొనాలనుకున్న రవికె గుడ్డ మానుకుని ఒక ట్యూబు కొనింది. దాని వాసన గోడకు కొట్టే సున్నం మీద పిప్పరమెంటు చల్లినట్లు ఉండేది. తియ్యగా కూడా ఉండేది. నేను రుద్దినాను, తమ్ముడు తిన్నాడు. అవును, తిన్నాడు. రుద్దుకుంటానని వేలికి పెట్టించుకుని, తలుపు వెనకకు పోయి నాకేసేవాడు.

పాలతెలుపు రాలేదు. చిగుర్లు పుండ్లు పడినాయి. ఈలోగా తమ్ముని దవడ ఉబ్బింది. వాని కింది పన్ను ఒకటి ఎప్పటినుంచో నల్లగా గుంట పడి ఉండె. ఒకదినం తెల్లవారి లేచి చూస్తే చెంప బన్నులాగా ఉండాది. అవ్వ లవంగం నూరి పెట్టింది, ఆగలేదు. అమ్మ కొంగు బిగించి, మా ఇద్దరినీ తీసుకుని అనంతపురం బస్సెక్కింది.

పండ్ల డాక్టరమ్మ నడివయసు మనిషి. మాటలో మా సీమ యాసే. తమ్మునితో మాట్లాడుతూ మాట్లాడుతూ పన్ను పీకేసింది. వాడు అరిచిన అరుపుకు నేను బల్ల పట్టుకున్నాను. దూది పెట్టినాక ఆమె నా తట్టు చూసింది.

"నువ్వెందుకు పాపా నోరు అట్ల మూసుకున్నావు? తెరువు."

తెరిచినాను. గలీజు అంటుందని కాచుకుని ఉన్నాను. ఆమె దీపం దగ్గరికి లాగి చూసి, అమ్మను అడిగింది.

"ఏ ఊరు మీది? బోరు నీళ్ళేనా తాగేది?"

"అవునమ్మా. ఇంగేం నీళ్ళుండాయి?"

"ఇది గలీజు కాదు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువుండాది. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఈ రంగు పడిపోతాది. ఇది పైన అంటుకున్న మురికి కాదు, పన్నులోనే ఉండాది. ఏ పేస్టు పెట్టి రుద్దినా పోదు. ఇటుకపొడితో రుద్దితే పన్ను అరుగుతాది, అంతే."

అమ్మ నా గడ్డం పట్టుకుని పండ్లు చూసింది. తర్వాత తల ఎత్తింది.

"అయితే మా బిడ్డ కడుక్కోక కాదు."

"కాదు."

"ఇంగొకసారి చెప్పమ్మా."

"కాదు తల్లీ. నీ బిడ్డ తప్పు గానీ నీ తప్పు గానీ ఏం లేదు."

అమ్మ అక్కడితో వదల్లేదు. "మరి వీని పన్ను ఎందుకు పుచ్చె? పేస్టు కొనిస్తిని కదా" అని సంచిలోనుంచి సంత ట్యూబు తీసి బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"దీంట్లో ఏముందో రాసి కూడా లేదు. ఇట్లాంటివి కొనొద్దు. పెట్టెలో ఉండేది, ఏముందో, ఎప్పటిదాకా వాడొచ్చో రాసుండేది తీసుకో. దాంట్లో ఫ్లోరైడ్ అనే మాట ఉండాల. అదే పన్ను పుచ్చకుండా కాపాడేది. అది ఉంటే చాలు, అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా తక్కువ ధరది తీసుకో. ఎక్కువ దుడ్లు పెడితే రంగులూ వాసనలూ వస్తాయి, అంతే."

అమ్మ కండ్లు చిన్నవి చేసింది. "నీళ్ళల్లో అదే ఎక్కువై పండ్లు చెడిపాయ అంటివి. మళ్ళీ పేస్టులో అదే ఉండాలంటావు. ఇదేంది తల్లీ?"

డాక్టరమ్మ నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇంతమంది వస్తారు, ఈ మాట ఎవరూ అడగలేదు నన్ను. చూడు, కడుపులోకి పోతే కీడు. పన్ను మీద కొంచెం రాస్తే కాపు. అందుకే మింగకూడదు, ఉమ్మేయాల. పాపకు శనగగింజంత. పిల్లోనికి అంతలో సగం, నువ్వు పక్కన నిలబడి ఉమ్మించాల. పొద్దున ఒకసారి, పండుకునే ముందర ఒకసారి. మెత్తగా రుద్దాల, అంట్లు తోమినట్లు కాదు." ఆగి, అమ్మ చూపుడువేలు చూసింది. దాని చివర నల్లగా ఉండాది. "నువ్వు రాసుకునేది ఆ నల్లపొడేనా? అది మాను. నోట్లో పుండు లేస్తే నేను పీకి పారేసేది కాదు అది."

అమ్మ వేలు కొంగులో దాచుకుంది. ఫ్లోరైడ్ అనే మాటను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక చీటీ మీద రాయించుకుని, రవికెలో పెట్టుకుని బయటికొచ్చింది. బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జీ కొనింది. తమ్ముడు తినలేక ఏడుస్తాంటే వాని పొట్లం కూడా నేనే తిన్నాను. ఆ దినం నాకు ఆకలి అంతా ఇంతా కాదు.

మా ఊరి అంగడి సాయిబు తాత మంచి మనిషి. అమ్మ పోయి చీటీ ముందర పెట్టి, ఉండే పేస్టులన్నీ దింపమంది.

"కొనేది ఒకటి, దింపేది అన్నీనా మ్మే?"

"చదువు తాతా, నాకు రాదు కదా. ఈ మాట దేంట్లో ఉండాదో దాన్నే కొంటా."

ఆయన అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క పెట్టెనూ వెలుతురుకు పట్టి చదివినాడు. అన్నిటికన్నా ఖరీదుది, ఆకుల బొమ్మలు ఉండేది, దాంట్లో లేదు. చివరికి అందరూ పాతదని పక్కన పెట్టిన చిన్న ట్యూబులో ఉండాది. తాత అద్దాలు తీసి నవ్వినాడు. "ఇన్నేండ్లుగా అమ్ముతాండా, ఒక్కదాని వెనకా చదివిన పాపాన పోలేదు నేను."

అమ్మ నల్లపొడి మానిన పది దినాలు మా ఇంట్లో యుద్ధమే. తలనొప్పి అని గుడ్డ కట్టుకునేది, గొర్రెపిల్ల అరిచినా దాన్ని తిట్టేది. రెండుసార్లు గూడు దగ్గరికి పోయి నిలబడి, చెయ్యి ఎత్తి, మళ్ళీ దించింది. మూడోసారి డబ్బా తీసి పెంట తిప్పలో పారేసింది. అవ్వ మాత్రం పేస్టు ముట్టలేదు. "నా నోట్లో నురగ రానీయను నేను, మూర్ఛ వచ్చినట్లు" అని కానుగపుల్లతోనే కూర్చుంది. తమ్మునికి మాత్రం రోజూ దగ్గరుండి "ఉమ్మెయ్, ఉమ్మెయ్" అని అరిచేది.

సోమవారం అమ్మ నాతోపాటే బడికి వచ్చింది. ప్రార్థన అయి, రెండు వరసలు కట్టే సమయానికి సారు ముందర నిలబడింది.

"సార్, మా బిడ్డ పండ్లు కడుక్కోక అట్ల లేవు. అవి నీళ్ళు చేసినవి. డాక్టరమ్మ చెప్పింది. ఇదో చీటీ."

సారు చీటీ చదివినాడు. మా వరసంతా ఒకసారి చూసినాడు. చదువుకున్న మనిషి, ఆ మాట చూడగానే ఆయనకు అర్థమయింది. చెవులు ఎర్రబడినాయి. లోపలికి పోయి నల్లబల్ల మీద ఫ్లోరైడ్ అని పెద్ద అక్షరాలతో రాసి, అందరి చేతా రాయించినాడు. ఆ దినం నుంచి గారపండ్ల వరస లేదు.

కానీ పాట సంగతి అడిగితే నసిగినాడు. "అంతా ఏర్పాటయిపోయిందమ్మా. వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు. చూడ్డానికి..."

"చూడ్డానికే కదా సార్ వచ్చేది?" అంది అమ్మ. "ఎండిన చేను చూపిస్తారు. మా పిల్లోళ్ళ నోర్లు మాత్రం దాచిపెడతారా?"

"చూద్దాం" అన్నాడు సారు. చూద్దాం అంటే లేదనే.

సభ దినం నేను వెనకే ఉన్నాను. ముందర ఆ పిల్ల, పూలజడ వేసుకుని. ఆఫీసరు కుర్చీ ముందర బల్ల మీద సీసా నీళ్ళు పెట్టినారు, టౌన్ నుంచి తెప్పించి. పాట మొదలుపెట్టినాను. మొదటి చరణం ఆ పిల్ల వీపు చూస్తూ పాడినాను. రెండో చరణంలో నా కాళ్ళు వాటంతట అవే కదిలినాయి. ముగ్గురిని తోసుకుని ముందరికి వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడినాను. అది నన్ను చూసి పెదాలు కదపడం ఆపేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. మిగిలిన పాటంతా నేను నోరు పూర్తిగా తెరిచి పాడినాను, పైపెదవి లాక్కోకుండా.

ఆఫీసరు చప్పట్లు కొట్టి నన్ను దగ్గరికి పిలిచినాడు. "బాగా పాడినావు. పళ్ళు మాత్రం తోముకోవాలి, ఏం?"

నా లోపల ఏదో తెగింది. "రెండు పూటలా తోముకుంటా సార్. నా పండ్లు శుభ్రంగానే ఉండాయి. ఈ రంగు మా బోరుది. కావాలంటే అందరివీ చూడండి."

వెనక్కి తిరిగి "నోర్లు తెరవండి" అన్నాను. నా జతగత్తె మొదట తెరిచింది. తర్వాత మా వరసోళ్ళందరూ. అంతమంది పిల్లోళ్ళు నోర్లు తెరుచుకుని ఆయన్ని చూస్తాండినారు. ఆడోళ్ళ నడుమనుంచి అమ్మ గొంతు వచ్చింది.

"ఈ దినం మీకు సీసా నీళ్ళు తెప్పించినారు సార్. మా పిల్లోళ్ళకు ఎవరు తెప్పిస్తారు?"

ఆఫీసరు ఆ సీసా తట్టు చూసినాడు. దాన్ని మళ్ళీ ముట్టలేదు. పక్కనోళ్ళను పిలిచి ఏదో రాయించినాడు.

డ్యాము నుంచి కొళాయి నీళ్ళు మా ఊరికి రావడానికి ఆ తర్వాత ఇంకో మూడు వేసవులు పట్టింది. నా పాటతో వచ్చినాయని చెప్పను. ఊరోళ్ళు ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినారో నాకు తెలుసు. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లోళ్ళ పండ్లు ఇప్పుడు తెల్లగా ఉండాయి. ఆ చేతిపంపు చోట సిమెంటు దిమ్మె మాత్రం మిగిలింది. అవ్వ పోయింది, దిగుడుబాయి నీళ్ళతో వచ్చిన ఆ తెల్లటి పండ్లన్నీ నోట్లో పెట్టుకునే పోయింది. నా పండ్ల రంగు అదే. కానీ ఇన్నేండ్లలో ఒక్కటీ పుచ్చలేదు, ఒక్కటీ పీకించుకోలేదు.

సభ అయినాక ఆ దినం ఒక ఫోటో తీసినారు. బడి మెట్ల మీద మమ్మల్నందరినీ నిలబెట్టినారు. టౌన్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరాలో చూసి, మొహం చిట్లించి, తల బయటికి తీసినాడు.

"పాపలూ, నోరు మూసుకుని నవ్వండమ్మా."

ఎవరూ మూయలేదు. ఆయన ఇంకోసారి చెప్పినాడు. మేము ఇంకా పెద్దగా నవ్వినాము. ఏం చెయ్యాలో తెలీక ఆయన సారు వైపు తిరిగినాడు. సారు మా అందరినీ ఒకసారి చూసినాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా, నిదానంగా. తర్వాత వచ్చి మా నడుమ నిలబడినాడు.

"వాళ్ళు మూయరయ్యా" అన్నాడు. "అట్లాగే తియ్యి."